సోమవారం నీళ్లు

గోపాల్‌పేట
మాఘమాసం, బేస్తవారం

తమ్ముడు కురుమయ్యకు,

ఇది మీ అక్క జోగులమ్మ ఎవరితోనో రాయించింది కాదు, సొంతంగ రాసింది. నువ్వు నేర్పిన అక్షరాలే. నీ తీరుగ పుస్తకం మాట నాకు రాదు, నోట్లె ఎట్లొస్తే అట్ల రాస్త. తప్పులుంటే ఎర్రసిరాతోటి దిద్ది పంపకు. పోయినసారి పంపితే తపాలాయన చూసి నవ్విండు.

సంగతేందంటే, నాయన నాకిచ్చిన బావి పూడుస్తమంటున్నరు. కులపెద్ద వెంకటన్న ఇంటికొచ్చి అరుగు మీద కూసున్నడు. "అమ్మా, నీ పెనిమిటి ఎల్లన్న ఆ బావిల పానం ఇడిసి ఎనిమిదేండ్లాయె. ఆనాటి సంది బావి తీరు మారింది. పొద్దుగాల ఉన్న నీళ్లు మాపటికి ఉంటలేవు. ఎవరు తాగుతుండ్రు? ఆడోళ్లు బిందె ముంచనీకె భయపడుతుండ్రు. ఉగాది దాంక సూస్తం. అటెన్క బండలేసి పూడుస్తం" అన్నడు.

నాకు ఇనొచ్చింది గూడ రాస్త, నవ్వకు. పగటిపూట బావి గడ్డ మీద వంగి చెవి పెడితే లోపట దబ్బు దబ్బుమని చప్పుడైతది. గడ్డపార ఏసినట్టు. మీ బావ ఆఖరికి పట్టింది గడ్డపారనే గద. సోమవారం మాత్రం చప్పుడుండదు. సోమవారం నీళ్లు గూడ తగ్గయి, జర మీదికే వస్తయి. మీ బావ సోమవారం ఒక్కపొద్దు ఉండెటోడు, నీకెరుకే. "సచ్చినా ఒక్కపొద్దు ఇడువలే, సోమారం నీళ్లు గూడ ముట్టడు" అని ఊరంత అంటున్నది.

ఆ బావి పోతే నా పది గుంటల మిరపతోట పోతది. నాయన పసుపుకుంకుమల కింద ఇచ్చింది అదొక్కటే. యాభై దగ్గరపడ్డంక ఎవరి చేన్ల కూలికి పోవాలె? నువ్వు బావుల దఫ్తర్ల కొలిచెటోనివి. బావికి దయ్యం పడుతదా, పట్టదా? పట్టదంటే ఎందుకో రాయి. వెంకటన్నకు సదివి ఇనిపిస్త.

అక్క జోగులమ్మ


నాగర్‌కర్నూల్
1941 ఫిబ్రవరి 5

అక్కకు, తమ్ముడు కురుమయ్య నమస్కరించి వ్రాస్తున్నాను.

నీ ఉత్తరంలోని తప్పులను ఈసారి దిద్దలేదు. విషయం అంతకంటె ముఖ్యమైనది.

నేను ముప్పై నాలుగవ ఏట, పగలంతా మట్టిపని చేసి, గద్వాలలో నేతవాళ్ల వాడలోని రాత్రిబడిలో కూర్చుని పరీక్ష నెగ్గినవాడిని. నేడు ఈ తాలూకాలో నూట పన్నెండు బావుల లోతు నా చేతివ్రాతలో ఉంది. నా పట్టికలో నీటిమట్టానికి ఒక గడి, నేల రకానికి ఒక గడి, వానకు ఒక గడి ఉన్నాయి. దయ్యానికి గడి లేదు. దాని అవసరం ఇంతవరకు కలగలేదు.

మనవాళ్లు ప్రతి బావికి దాని జల దానికే ఉంటుందని అనుకుంటారు. అది పొరపాటు. మన నేలలో పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లు వారిన రాయి, అట్టడుగున పగులు లేని నల్లబండ ఉంటాయి. ఇంకిన వాన నల్లబండను దాటలేక, దానిపైనున్న పగుళ్లనూ మొరాన్నీ నింపుతూ కొంత ఎత్తుకు వచ్చి నిలుస్తుంది. ఆ ఎత్తే జలమట్టం. అది ఒక్కొక్క బావికి వేరువేరు కాదు. చేల కిందా, ఇళ్ల కిందా, మన కాళ్ల కిందా పరుచుకుని ఉన్న ఒకే తడి అది. బావి నీటిని పుట్టించదు. ఆ తడి ఎంత లోతున ఉన్నదో కనబడటానికి మనం చేసుకున్న రంధ్రం మాత్రమే.

చిన్నతనంలో వాగు ఇసుకలో మనం చెలిమెలు తవ్విన సంగతి గుర్తు చేసుకో. నీ చెలిమెలో నీరు ఎంత ఎత్తున నిలిస్తే, పక్కనున్న నా చెలిమెలోనూ అంతే ఎత్తున నిలిచేది. బావులూ అంతే.

కాబట్టి నీరు తగ్గడానికి కారణం ఉంటుంది, దానిని కొలిచి పట్టుకోవచ్చు. దీనితో ఒక తాడు పంపుతున్నాను. రాత్రిబడిలో నా తోటివాడైన గద్వాల కృష్ణయ్య మగ్గంపై మిగిలిన దారాలతో దీనికి గుర్తులు కట్టి ఇచ్చాడు. మూరకు ఒక ఎర్రదారం, అయిదు మూరలకు ఒక పచ్చదారం. కొసకు ఇనుపముక్క ఉన్నది. తాడుకు సుద్ద రుద్ది, గడ్డ మీద ఒకే రాయి దగ్గర నుండి వదులు. సుద్ద ఎక్కడి వరకు తడిసిందో అక్కడ నీటి మట్టం. పైరాయి నుండి ఆ తడిగీత వరకు లెక్కపెట్టు. ఉదయం ఒకసారి, పొద్దు గుంకేటప్పుడు ఒకసారి. అంకె పెరిగితే నీరు దిగినట్లు. వారం పేరు తప్పక వ్రాయి. ఒక్కరోజైనా ఊహించి వ్రాయవద్దు.

ఇట్లు,
కురుమయ్య


గోపాల్‌పేట
అమావాస్య పోయిన రెండోనాడు

తమ్ముడు కురుమయ్యకు,

తాడు ముట్టింది. ఎవరన్న అక్కకు చీర పంపుతరు. నువ్వు చీర అంచు దారాలు కట్టిన చేదతాడు పంపినవ్. వాడకట్టోళ్లు వచ్చి చూసి, "తమ్ముని సారె బాగుంది జోగులమ్మా, కట్టుకుంటవా, దూకుతవా" అన్నరు. నేను గూడ నవ్విన. నవ్వి శానా దినాలైంది.

నీ లెక్కల ఎక్కువంటే తక్కువ. అలవాటు పడనీకె మూడొద్దులు పట్టింది. ఇప్పుడు తప్పుత లేను. అన్నీ వేరే కాయితంల ఉన్నయి, ఒక్క వారంది ఈడ రాస్త. మాపటి కొలతలు.

బేస్తవారం ఇరవయ్యొక్క మూర ఒక జాన. శుక్రవారం అంతకు బెత్తెడు కిందికి. శనివారం ఇర్వైరెండు మూరలు. ఆదివారం ఇర్వైరెండు మీద బెత్తెడు. సోమవారం ఇర్వై మూరల జాన. సూసినవా? సోమవారం ఏకంగ మీదికొచ్చింది. మంగళవారం మళ్ల దిగింది. మూడు వారాలు గట్లనే ఉంది.

ఇంకొకటి. మొన్న అమావాస్య బుధవారం పడ్డది. ఆనాడు గూడ నీళ్లు మీదికొచ్చినయి. చప్పుడు గూడ లేదు. వెంకటన్నకు చెప్తే ఆయనకు ఇంకింత భయమైంది. "అమాసకు గూడనా" అని కండువ దులుపుకొని లేచిపోయిండు.

కొలిచేటప్పుడు మీ బావ చెక్కిన మెట్టు కనబడుతది. ఆయన నిలబడి తవ్వనీకె రాతిల చెక్కుకున్నది. మాపటికి బయటపడుతది, పొద్దుగాలకు తడిసి ఉంటది, ఎవరో ఇప్పుడే కాళ్లు కడుక్కొని పోయినట్టు. నువ్వు ఎట్ల చెప్పినా ఆ మెట్టు చూస్తే నాకు నీ మొరం, నల్లబండ యాదికి రావు.

అక్క జోగులమ్మ


మకాం: గద్వాల
1941 మార్చి 6

అక్కకు నమస్కారములు.

నీ కొలతలు అందినవి. మా దఫ్తరులో జీతం తీసుకునేవారు కూడ ఇంత శ్రద్ధగా కొలవరు. కృష్ణయ్య ఇంట్లో కూర్చుని వాటిని పట్టికగా వేశాను. వేసిన పావుగంటలో నీ దయ్యం దొరికింది.

నీరు సోమవారం పెరుగుతుంది. అమావాస్యనాడు, అది బుధవారమైనా, పెరుగుతుంది. ఈ రెండు దినాలకు సామాన్యమేమిటి? బావ ఒక్కపొద్దు కాదు. బావ అమావాస్యకు ఉపవాసం ఉండేవాడు కాడు, ఆనాడు మనింట్లో కడుపునిండా తినిపోయిన సంగతి నాకు తెలుసు. మన ప్రాంతంలో సోమవారం బసవన్న వారమని ఎడ్లకు కాడి కట్టరు. అమావాస్యకూ కట్టరు. ఎడ్లు విశ్రమించిన దినం నీ బావిలో నీరు పెరుగుతున్నది. కనుక దగ్గరలో ఎక్కడో ఎడ్లతో మోట కొడుతున్నారు. ఆ మోట నీ నీటిని లాగుతున్నది.

జలమట్టం ఎల్లప్పుడూ సమంగా ఉండదు, అక్కా. లోతైన బావిలో మోట కొట్టినప్పుడు దాని చుట్టూ మట్టం గిన్నెలాగా కుంగుతుంది. ఆ గిన్నె అంచు పక్క పొలం కిందికి జరుగుతుంది. అంచు చేరిన చోట లోతు తక్కువ బావి ఉంటే అది ఇంకుతుంది. మోట ఆగితే గిన్నె మెల్లగా నిండుతుంది. నీవు వినే చప్పుడు కూడ అదే. మోటబొక్కెన నీటిని తాకే దెబ్బ రాతి పగుళ్ల వెంట నీ బావిలోకి వస్తున్నది. బండ గాలికంటె బాగా మోస్తుంది శబ్దాన్ని.

ఇక తేలవలసినది ఒక్కటే. నీ బావికి మూడు వందల గజాల లోపల, నీ బావికంటె లోతుగా, ఎడ్లమోట ఉన్న బావి

ఈ వాక్యం మధ్యలో కలం కింద పెట్టాను. మగ్గం గుంటలోంచి కృష్ణయ్య, "ఏంది కురుమయ్యా, కొలత తప్పిందా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి మొగమెందుకు గట్లున్నది?" అన్నాడు. ఎండలో తిరిగానని చెప్పాను.

మిగిలినది విచారించి వ్రాస్తాను. ఈ ఉత్తరం వెంకటన్నకు అప్పుడే చదివి వినిపించవద్దు.

కురుమయ్య


గోపాల్‌పేట
కామునిపున్నమ

తమ్మీ,

ఉత్తరం సగంల తెంపినవ్. నాకు సదువు తక్కువున్నా తెగిన వాక్యం తెలుస్తది. నువ్వే చెప్పినవ్, వాక్యం ముగిస్తే చుక్క పెట్టాలని.

గుట్టకు ఇవుతల ఎద్దుల మోట ఒక్కటే ఉన్నది. ఎవరిదో నేను రాయాల్నా, నువ్వు రాస్తవా?

చెలిమెల సంగతి గుర్తు చేసినవ్. నాకు గుర్తున్నది. నీకే సగం యాదికి ఉన్నది. రెండిట్ల నీళ్లు ఒక్క తీరుగ నిలుస్తుండె, నిజమే. అటెన్క నువ్వు నీది మోచెయ్యి లోతు తవ్వి, దోసిళ్లతోటి తోడుతుంటివి. నాది ఇంకిపోతుండె. నేను ఏడిస్తే, "నువ్వు గూడ లోతు తవ్వు" అంటుంటివి. నా చెలిమె ఇసుక కూలి పూడిపోతుండె. అమ్మ వచ్చి ఇద్దరిని కొడుతుండె.

ఉగాదికి పదిహేనొద్దులే ఉన్నది. వెంకటన్న బండలు చూపిచ్చి పెట్టిండు, గుట్ట కింద కుప్ప ఏస్తుండ్రు. జల్ది రాయి.

జోగులమ్మ


వనపర్తి
1941 మార్చి 17

అక్కకు నమస్కారములు.

దఫ్తరు పనిమీద వనపర్తి రావలసి వచ్చినందున జవాబు ఆలస్యమైనది.

నీ ప్రశ్నను అన్ని కోణాల నుండి పరిశీలించాను. రాతి పగుళ్లు ఎటునుండి ఎటు పోతాయో పైనుండి నిశ్చయంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఎనిమిది సంవత్సరాల వానలను కూడ లెక్కలోకి తీసుకోవాలి. కొలతలు మూడు వారాలవి మాత్రమే. తొందరపడి ఒక బావిని కారణంగా చూపడం శాస్త్రీయం కాదు.

మరొక విషయం. ఆ బావి పక్కమట్టి ఒకసారి కూలినది. పాతబడిన బావి. ప్రాణహాని జరిగిన చోటు. పెద్దమనుషుల ఆలోచన వేరు కారణం వల్లనైనా, పూడ్చడమే క్షేమం కావచ్చు. నీ మిరపతోట ఎండనివ్వను. కౌలుదారు బుచ్చన్నతో చెప్పి, నా బావి నుండి ఒక కాలువ నీ తోటకు వదిలిస్తాను. నీవు చేదే శ్రమ కూడ తప్పుతుంది.

ఆరోగ్యం జాగ్రత్త.

కురుమయ్య


గోపాల్‌పేట
ఉగాదికి ఎనిమిదొద్దులు

కురుమయ్యకు,

నీ బావి నీళ్లు నాకు కాలువ కట్టి ఇస్తనంటివి. నా నీళ్లు నాకే.

ఎనిమిదేండ్ల సంది ఒక మాట దాచిపెట్టిన. రాయొద్దనే అనుకున్న. నువ్వు రాయిస్తున్నవ్.

ఆనాడు శుక్రవారం. మీ బావ లోపట తవ్వుతుండు, నేను మీద తట్ట గుంజుతున్న. నడిపొద్దుల చేతులాపి, చెవి బండకు ఆనిచ్చిండు. "జోగీ, నీ తమ్ముని మోట ఈడ ఇనొస్తుంది. మన నీళ్లు ఆడికే పోతున్నయి. సదువుకున్నోడు గద, పాతాళంల గూడ కాలువ తీసిండు" అని నవ్విండు. నేను గూడ నవ్విన. నా నవ్వు ఆగకముందే పక్కమట్టి కూలింది. మూడోనాటికి గాని తియ్యలేకపోయిండ్రు.

తొలిసారి చప్పుడు ఇన్నప్పుడే నాకు తెల్సు అది ఏం చప్పుడో. ఊరోళ్లు దయ్యమన్నరు. కాదని నేను అనలే. దయ్యముందంటే నా తమ్ముడు మిగుల్తడు. లేదంటే మీ బావను ఎవరు చంపిండ్రో ఎనిమిదేండ్లు నేను ఒక్కదాన్నే మొయ్యాలె. అందుకే దయ్యాన్నే ఉంచుకున్న. ఇప్పుడు ఆ దయ్యం కోసమని బావి పూడుస్తమంటున్నరు. ఇంకెట్ల ఉంచుకోవాలె?

దయ్యానికి నీ పట్టికల గడి లేదంటివి. నీకు ఉన్నదా?

జోగులమ్మ


నాగర్‌కర్నూల్
1941 మార్చి 24

అక్కా,

ఈ ఉత్తరాన్ని మూడుసార్లు వ్రాశాను. చేతివ్రాత బాగుండాలని మొదటి రెండు చించాను. అది తెలిసి సిగ్గుపడి, ఇది ఉన్నది ఉన్నట్లే పంపుతున్నాను.

నీవు దాచినది ఒక మాట. నేను దాచినది ఒక కాగితం. దీనితో జతపరిచాను. అందులో రెండే కొలతలు ఉన్నాయి, రెండూ నీ బావివే. మొదటిది నా బావి తవ్వకముందు, పదహారు మూరలు. రెండవది నా బావిలో మోట కట్టిన నెలకు, ఇరవై మూరలు. నీవు చేలో లేనప్పుడు వచ్చి కొలిచాను. నాకు తెలుసు, అక్కా. మూడు వారాల కొలతల కోసం నిన్ను ఎందుకు శ్రమపెట్టానో నాకే తెలియదు. బహుశా ఈసారి వేరే సమాధానం వస్తుందని ఆశపడి ఉంటాను.

నా బావి ఇరవై నాలుగు మూరలు దిగినప్పుడే చాలినంత నీరు పడింది. తవ్వుతున్న వడ్డె మేస్త్రి పైకి వచ్చి, "అయ్యా, ఇంక సాలు. ఇంకా దిగితే పక్కబావి నోటికాడిది గుంజుకున్నట్టైతది" అన్నాడు. అతనికి అక్షరం రాదు. నేను అంతకు ఆరునెలల ముందే పరీక్ష నెగ్గి వచ్చాను. వయసు మీరిన తరువాత పలక పట్టాడని ఊరు నవ్వుతున్నది. ఊరంతటిలో లోతైన బావి నాదైతే ఆ నవ్వు ఆగుతుందనుకున్నాను. ముప్పై నాలుగు మూరలకు దింపించాను. ఆ పది మూరలు నీటి కోసం కాదు.

మరుసటి ఎండాకాలం బావ నా దగ్గరకు వచ్చాడు. అరుగు మీద కూడ కూర్చోలేదు, చదువుకున్నవాడినని. "కురుమయ్యా, బావి ఇంకుతుంది. నువ్వు తెలిసినోనివి. ఏం జెయ్యాలె?" అని అడిగాడు. ఈ కాగితం అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది.

"లోతు తవ్వు" అన్నాను.

చెలిమెల దగ్గర నీతో అదే మాట అనేవాడినని నీవు వ్రాసేవరకు నాకు జ్ఞాపకం లేదు. ఇప్పుడు అది తప్ప మరొకటి జ్ఞాపకం రావడం లేదు. నూట పన్నెండు బావులలో ప్రతిదాని మీదా వంగినప్పుడు ముందు చెవి పెట్టి వింటాను, తరువాతనే తాడు వదులుతాను. దఫ్తరులో దానిని నా జాగ్రత్త అనుకుంటారు.

కింది భాగాన్ని పెద్దమనుషుల ముందు వెంకటన్నతో చదివించు.

"జోగులమ్మ బావిలో నీరు తగ్గుటకు దయ్యము కారణము కాదు. పక్కనున్న నా బావి కారణము. దానిని అవసరమునకు మించి లోతుగా తవ్వించినది నేను. ఎల్లన్నను లోతు తవ్వమన్నది కూడ నేను. నిదర్శనముగా నా బావిలో తొమ్మిది దినములు మోట ఆపవలెనని బుచ్చన్నకు ఆజ్ఞ పంపితిని. ప్రతిదినము జోగులమ్మ బావిని అందరి ఎదుట కొలువుడు. నీరు పెరిగినచో బావిని పూడ్చరాదు. మోట ఎన్ని దినములు నడువవలెనో ఇకమీదట జోగులమ్మ నిర్ణయించును. కురుమయ్య, రాత్రి పాఠశాల పరీక్ష ఉత్తీర్ణుడు."

చివరి నాలుగు మాటలు అలవాటుగా వ్రాశాను. కొట్టివేయవచ్చు.

నీ తమ్ముడు


గోపాల్‌పేట
శ్రీరామనవమి

తమ్మీ,

వెంకటన్న నీ కాయితం అందరి ముందర సదివిండు. బుచ్చన్నే ముందుగాల మాట్లాడిండు. "సదువుకున్నోని కౌలు చేస్తే గిట్లనే ఉంటది, నీళ్లకు గూడ పరీక్షలే. నా ఎడ్లకు మాత్రం సెలవులు" అని. అందరు నవ్విండ్రు. నీ ఆఖరి మాటలు కొట్టెయ్యలే. వెంకటన్న వాటిని గూడ గట్టిగనే సదివిండు.

తొమ్మిదొద్దులు కొలిచినం. ఒక్కనాడు వెంకటన్న, ఒక్కనాడు నేను. ఇయ్యాల పద్దెనిమిది మూరలు. ఎండలు ముదురుతున్నా మీదికే వచ్చింది. మధ్యల సోమవారం వచ్చింది, పోయింది, మిగిలిన దినాల లెక్కనే ఉంది. బావి పూడ్చరు. తెచ్చిన బండలతోటి గడ్డ కడుతమన్నరు. ఆడోళ్లు బిందెలు తెస్తుండ్రు.

మీ బావ చెక్కిన మెట్టు మునిగింది.

నిన్ను మన్నించిననా అని అడుగకు. కాయితం పెట్టెల పెట్టిన, మీ బావ కండువ కింద. అదొక్కటే తెలుసు.

ఇంకొకటి చెప్పాలె. వీళ్లకు చెప్తే పిచ్చిదంటరు, అందుకే నీకు రాస్తున్న. తొమ్మిదొద్దుల సంది బావిల చప్పుడు లేదు. పొద్దుగాల పోయి వంగుత, పగలు పోయి వంగుత. ఏమీ ఇనొస్తలేదు. అది నీ మోట చప్పుడని నాకు తెల్సు, నీకంటే ముందుగాల్నే తెల్సు. అయినా ఎనిమిదేండ్లు రోజు దాన్ని ఇన్న. ఇంక తవ్వుతుండు, ఇంక లోపట్నే ఉన్నడు అనిపిస్తుండె. నీళ్లొచ్చినంక ఆడ ఎవ్వరు లేరు. ఆయన పోయిన దినం గూడ నాకు గింత నిశ్శబ్దం లేదు.

మోట ఎన్ని దినాలు నడువాల్నో నన్నే చెప్పమన్నవ్ గద. చెప్తున్న. బుచ్చన్నకు ఉత్తరం రాయి. వారంల ఒక్క శుక్రవారం, నడిపొద్దు దాంక, ఎడ్లను కట్టుమను. ఆనాడు నీళ్లు దిగుతయి, మెట్టు బయటపడుతది, నాకు తెలుసు. దిగనియ్యి. నేను గడ్డ మీద కూసుంట.

నీకు సెలవు దొరికిన శుక్రవారం రా. తాడు తేకు.

అక్క